యర్రమ్మ కంటె

మామ్మ నిన్న మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

వీధి అరుగు మీద, చాపైనా లేకుండా, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఇంట్లో ఎముకలు ఉన్నంతసేపూ గడపలో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకుంది. ఇవాళ పాచిపెంట సంత. కొండ దిగి వచ్చేవాళ్ళూ, సాలూరు నుంచి బళ్ళ మీద వచ్చేవాళ్ళూ అందరూ కంసాలి వీధిలోంచే పోవాలి. ఆగి అడిగిన ప్రతివాళ్ళకీ మామ్మ మొదటినుంచీ చెబుతోంది.

"వడియాలనుకున్నానమ్మా! నా వడియాలూ, ఈ గుంట, నా మనవరాలు, చేసిన వడియాలంతేసి పాడు గిన్నెలూ ఒక్క ఎండలోనే ఆరుతున్నాయి. మబ్బు పట్టింది. బేగి బేగి అన్నీ కొంగులోకి ఎత్తి కుండలో పోసీసినాను. నిన్న నూనెలో వేస్తే అన్నీ పొంగాయి. నాలుగు మాత్రం అడుక్కి పోయి కూర్చున్నాయి. పప్పు సరిగ్గా రుబ్బలేదేమో అనుకున్నాను తల్లీ! పప్పు!"

వింటున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకుంటున్నారు. తలుపు పక్కన నిలబడిన అచ్చియమ్మకు మాత్రం నవ్వు రావడం లేదు.

నిన్న మామ్మ గరిటెతో ఆ నాలుగింటినీ పైకి తీసి "ఇవి పొంగలేదేటే?" అని అడిగినప్పుడు ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. సున్నం బిళ్ళలని చెప్పొచ్చు. మామ్మ కాసేపు తిట్టి ఊరుకునేది. కాని అచ్చియమ్మ ఒక్కో మాటా విడదీసి, నిదానంగా చెప్పింది: "అవి వడియాలు కావు మామ్మా. మేక ఎముకలు కాల్చిన బూడిదతో చేసిన గిన్నెలు. వెండి పరీక్షకి."

అలా అంటున్నప్పుడు లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. ఆ సంతోషం గురించే అప్పటినుంచి ఆలోచిస్తోంది. నిజం చెప్పినందుకు కలిగిందా? ముసలావిడ మొహం పాలిపోవడం చూసినందుకా? ఎంత తవ్వుకున్నా తేలలేదు.

జంధ్యాలు వేసుకునే ఇల్లు. పక్కవీధిలో చేప వేగితే కిటికీలు మూసుకునే ఇల్లు. వడియాల కుండ వీధిలో పగిలింది. ఆరబెట్టిన మిగతా గిన్నెల్ని నాన్న పెరటి గోడకేసి కొట్టాడు. పశువుల సాల గూట్లో ఉన్నవి రెండు మాత్రం ఆయన కంట పడలేదు.

వసారాలో అన్నదమ్ముల గొంతులు పెరిగాయి.

"ఆ కొలిమి ఇవాళ పగిలిపోవాలి," అంటున్నాడు నాన్న సన్యాసాచారి. "నువ్వు పగలగొడతావా, నన్ను పగలగొట్టమంటావా బెమ్మాజీ?"

"అన్నయ్యా, గనుల్లో అందరూ ఆ గిన్నెల్లోనే పరీక్ష చేస్తారు. కరిగిన సీసాన్ని తాగేది ఎముక బూడిదే. మట్టి తాగదు."

"గనుల్లో దొరలు ఎముకలు కొరుక్కు తింటారు కూడా. మనమూ తిందామా?"

"అమ్మ తినలేదు కదా. వేయించింది, అంతే."

"అంతేనా! విన్నావటే అమ్మా, అంతేనట!" అని సన్యాసాచారి వీధిలోకి కేకేశాడు.

"విన్నానురా నాయనా," అంది మామ్మ అరుగు మీద నుంచి. "ఇద్దర్నీ కన్న కడుపు నాది. వినకేం చేస్తాను?"

చిన్నాన్న బ్రహ్మాజీ సమాధానం చెప్పబోయాడు. దగ్గు తెర అడ్డం వచ్చింది. మైసూరు దేశంలో బంగారు గనుల పరీక్షగదిలో చాలా ఏళ్ళు పనిచేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని ఇల్లు చేరిన మనిషి. ఆయన వచ్చేనాటికి అచ్చియమ్మ కూడా పుట్టింటి వసారాలోనే ఉంది. మొగుడు ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళాడు. మొదట్లో ఉత్తరాలు రాసి, తరవాత మానేశాడు. ఏ పనీ లేకుండా ఇంట్లో మిగిలిపోయిన ఈ ఇద్దరూ కలిసి ఖాళీగా ఉన్న సాలలో కొలిమి కట్టుకున్నారు. పిచ్చివాళ్ళ కాలక్షేపమనుకుని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

చిన్నాన్న ఆమెకు చాలాకాలం త్రాసు ముట్టనివ్వలేదు. బూడిద జల్లించమన్నాడు, కడగమన్నాడు, మళ్ళీ జల్లించమన్నాడు. కొలిమి లోపలి మట్టి గూడు రంగు చూసి వేడి చెప్పడం నేర్పాడు. అద్దాల పెట్టెలోని త్రాసు ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవడం నేర్పాడు. చివరికి ఒకరోజు చెప్పాడు:

"ఈ పని మూడు ముక్కలే అచ్చీ. తూచు, కాల్చు, చెప్పు. ఒకే వెండి సొమ్ములోంచి రెండు ముక్కలు తీసి, రెండు గిన్నెల్లో కాల్చాలి. రెండూ ఒకే లెక్క చెప్పాలి. అప్పుడు ఆ లెక్క, సొమ్ము ఎవరిదో వాళ్ళకి నీ నోటితో నువ్వే చెప్పాలి. అది చేసిన నాటినుంచి నేను నీకు గురువుని కాను. నా పక్కన కూర్చునే మనిషివి."

ఆ పరీక్షకు సొమ్ము దానంతటదే వచ్చింది. పోయిన సంతలో కొండ మీది యర్రమ్మ, మెడకి వేసే వెండి కంటె తెగిపోతే పట్టుకొచ్చింది. సాలూరు షావుకారు దాన్ని కోసి చూసి, ఇది వెండి కాదు పొమ్మన్నాడట. సన్యాసాచారి గీటురాయి మీద గీసి, తెల్లటి గీత చూపించి, వెండేనన్నాడు. యర్రమ్మ ఆ గీత వంకా ఈ మనిషి వంకా చూసి, "నీ గుంట నిప్పులో ఏసి సూత్తాదంట కదా బావు. సూడమను," అంది.

ఆ కంటె చేసింది సన్యాసాచారే.

ఇవాళ యర్రమ్మ జవాబు కోసం వస్తుంది.

వసారాలో గొడవ ఇంకా సాగుతుండగానే అచ్చియమ్మ పెరట్లోకి నడిచింది. బొగ్గులు పేర్చి, నిప్పు వేసి, తిత్తి అందుకుంది.

తిత్తి చప్పుడు వినగానే ఇంట్లో మాటలు ఆగిపోయాయి.

సన్యాసాచారి సాల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన చేతిలో సుత్తి ఉంది. పనిలోంచి లేచి వచ్చాడు కాబట్టి ఉందో, కావాలని తెచ్చాడో ఆమెకు తెలియలేదు.

"గీసి చూపించాను కదే ఆ యర్రమ్మకి. తెల్లగా వచ్చింది కదా."

"పైన గీస్తే తెల్లగానే వస్తుంది నాన్నా. చింతపండులో ఉడకబెట్టాం కాబట్టి."

ఉడకబెట్టాం. ఆ మాటలో తనూ ఉంది. చింతపండు పులుసులో నగ ఉడికితే పైనున్న రాగి పోయి, ఒంటికి తెలుపు ఎక్కుతుంది. ఆ కుండ కింద మంట పెట్టడం చిన్నప్పటినుంచీ ఆమె పనే.

"ఈ ఇంటి అన్నం తింటూ ఆ మాట అంటున్నావు."

"తింటున్నాను కాబట్టే తెలిసింది."

ఆయన ఒక అడుగు లోపలికి వేశాడు. అచ్చియమ్మ తిత్తి ఆపలేదు. సుత్తి దెబ్బ మొదట ఎక్కడ పడుతుందా అని చూస్తూ ఊదుతోంది. కాని నిప్పున్న కొలిమి మీద చెయ్యెత్తే కంసాలి లేడు. ఆ సంగతి ఆయనకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. అందుకే ఆయన రాకముందే నిప్పు వేసింది.

సన్యాసాచారి గొంతు తగ్గించాడు. "నా మీద నీకు కక్ష ఏటే?"

ఆమె తిత్తి ఊదుతూనే ఉంది. ఎవరెవరి పిల్లలకో ఉలి పట్టడం నేర్పిన నాన్న, తను అడిగితే నవ్వి, చింతపండు కుండ చూపించాడు. అప్పటికి తనకి పరికిణీ కట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇదంతా దానికోసమేనా? అయితే తను నిజం కోసం చేస్తున్నానని చెప్పుకోవడం ఎంత సిగ్గుచేటు!

కక్షే కావచ్చు. ఉంటే ఉండనీ. కంటె లోపలున్న వెండికి అది తెలియదు.

"మాట్లాడవేం?"

"గూడు ఎర్రబడుతోంది నాన్నా. కొంచెం తప్పుకో."

ఆయన పక్కకు తప్పుకుని, వీధి వైపు వెళ్ళిపోయాడు. ఆయన అరిచి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

చిన్నాన్న వచ్చి, పొగ తగలనంత దూరంలో పీట వేసుకుని కూర్చున్నాడు. అచ్చియమ్మ కంటె నడిమధ్య నుంచి రెండు చిన్న ముక్కలు కోసింది. తూచింది. రేకులా సాగగొట్టిన సీసంలో ఒక్కోదాన్నీ చుట్టింది. మిగిలిన రెండు గిన్నెల్నీ మట్టి గూట్లో పక్కపక్కన పెట్టి, బాగా కాలాక, పటకారుతో ఒక్కో చుట్ట వాటిలో వదిలింది.

సీసం కరిగి, కదిలి, తళతళలాడింది. గిన్నెలు దాన్ని తాగుతున్నాయి. తనతోపాటు రాగినీ తాగిస్తుంది సీసం. వెండిని మాత్రం పైన వదిలేస్తుంది. చూస్తూ ఉండడం తప్ప ఇక చేసేదేమీ లేదు. ఈ పనిలో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇక్కడ ఎవరూ ఆమెను తొందరపెట్టలేరు. బతిమాలలేరు. ఆమె కూడా ఏదీ మార్చలేదు.

ఒక గిన్నెలో కరిగిన బొట్టు చిన్నదయింది. దానిమీద రంగులు సుళ్ళు తిరిగి, ఒక్కసారి మెరిసి ఆగిపోయాయి. వెంటనే రెండోదీ.

"ఒక్కసారిగా లాగీకు," అన్నాడు చిన్నాన్న. "చల్లగాలి తగిలితే వెండి చిమ్ముతుంది."

"తెలుసు."

కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ బయటికి తీసింది. తీస్తుండగానే చూసింది. ఉత్త సీసం తాగిన గిన్నె పసుపు రంగులో ఉంటుంది. ఈ రెండూ అడుగుదాకా నల్లటి ఆకుపచ్చ, రాగి తాగిన రంగు. చిన్నాన్న కూడా చూశాడు.

బొట్లను బ్రష్షుతో రుద్ది, అద్దాల పెట్టె తెరిచి, ఒకటి తూచింది. రెండోది తూచింది. తలెత్తి చిన్నాన్నను చూసింది. ఆయన వచ్చి, ఆమెను జరగమని, తనే మళ్ళీ తూచాడు.

"పదహారింట పది," అంది అచ్చియమ్మ. "రెండూ."

చిన్నాన్న త్రాసు పెట్టె అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

"వేడి ఎక్కువైందేమో. కొంత వెండి ఎగిరిపోయి ఉంటుంది."

"పదహారింట ఆరు ఎగిరిపోతుందా?"

ఆయన తుడుస్తూనే ఉన్నాడు. "వచ్చే సంతకి మళ్ళీ చేద్దాం అచ్చీ. కొత్త గిన్నెలు చేసుకుందాం."

"రెండూ కలిస్తే మళ్ళీ చెయ్యక్కర్లేదని నువ్వే అన్నావు."

"అన్నాను." అద్దానికి రెండో వైపు తుడుస్తూ, "మీ నాన్న నాకు అన్నం పెడుతున్నాడే," అన్నాడు. "విశాపట్నం నుంచి మందు తెప్పిస్తున్నాడు. నేను దగ్గుతూ ఉంటే రోజూ లేచి నీళ్ళిచ్చేది ఆయనే."

"గనుల్లో ఎవరి బంగారం పరీక్ష చేసేవాడివి చిన్నాన్నా?"

"కంపెనీది."

"లెక్క ఎవరికి చెప్పేవాడివి?"

ఆయన చెయ్యి ఆగింది. "చెప్పడమేం లేదు. రాసి కిటికీలోంచి ఇచ్చేవాళ్ళం. అవతల ఎవరుండేవారో నాకు తెలీదు. చెయ్యి కనబడేది, అంతే."

అచ్చియమ్మకు కోపం రాలేదు. తూచడం ఈయనకు వచ్చు. కాల్చడం వచ్చు. మూడోది ఈయన ఎన్నడూ చెయ్యలేదు. తను చెయ్యలేనిదాన్ని ఎవరైనా చేస్తే చూడాలనుకున్నాడో ఏమో. ఇన్నాళ్ళూ తనకంటే ముందు ఒక మనిషి నడుస్తున్నాడన్న ధైర్యం ఉండేది. ఇక్కడినుంచి ఎవరూ లేరు.

"నీ చదువు ఇంకా పూర్తి కాలేదంటాను నేను," అన్నాడు ఆయన, ఆమె వంక చూడకుండా. "అప్పుడేం చేస్తావు?"

"అనుకో చిన్నాన్నా. నేను వెళ్ళి చెప్పి వస్తాను. తరవాత అను."

రెండు బొట్లనూ అరచేతిలో వేసుకుని, కంటె తీసుకుని, ఇంట్లోంచి నడిచి వీధి అరుగు మీదికి వచ్చింది.

యర్రమ్మ అప్పటికే వచ్చి, తట్ట కింద పెట్టి, అరుగు దిగువన నిలబడి ఉంది. వెనక ఆమె ఊరి ఆడవాళ్ళు కొందరు ఉన్నారు. అందరి మెడల్లోనూ కంటెలు. సన్యాసాచారి తన పని పీట దగ్గర, వాళ్ళకెదురుగా కూర్చున్నాడు. మామ్మ వడియాల కథ చెబుతోంది.

"ఏటి తల్లీ," అంది యర్రమ్మ. "ఏటంది నిప్పు?"

"చెప్పు," అన్నాడు సన్యాసాచారి గట్టిగా. "అందరూ విననీ." కళ్ళు మాత్రం ఇంకో రకంగా ఉన్నాయి. ఆ చూపులో ఏం చెప్పాలో కూడా ఉంది. నాన్న తనను ఏదైనా అడగడం ఆమెకు జ్ఞాపకం లేదు. ఇదే మొదటిసారి. ఇవ్వాలని కూడా అనిపించింది. అంత కోరికగా అనిపిస్తుందని ఆమె అనుకోలేదు.

"నీ కంటెలో పదహారు పాళ్ళకి పది పాళ్ళే వెండి అప్పా," అంది. "మిగతాది రాగి. రెండు ముక్కలు కాల్చాను. రెండూ ఇవే." అరచెయ్యి చాపి చూపించింది.

మామ్మ మాట మధ్యలో ఆగిపోయింది.

"ఉత్త వెండి మెడలో ఆగుతుందా?" అన్నాడు సన్యాసాచారి. ఎవరూ తనను అడగకముందే అన్నాడు. "మోపులెత్తేవాళ్ళు, కొండలెక్కేవాళ్ళు. నాలుగు రోజుల్లో వంగిపోదూ? గట్టిపడ్డానికి రాగి వెయ్యాలి. ఏ కంసాలినైనా అడగండి."

"గట్టిపడ్డానికి రెండు పాళ్ళు చాలు నాన్నా. మిగతా నాలుగు దేనికి?"

ఆయన పీట మీది ఉలిని ఇటునుంచి అటు జరిపాడు.

యర్రమ్మ అరిచి గోల పెడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె కంటె తీసుకుని, చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"మాయమ్మ ఏసింది ఇది నా మెడకి," అంది. "పసుపు మోసింది. పిప్పళ్ళు మోసింది. అడివంతా తిరిగి మోసి మోసి, ఈ అరుగు కిందే నిలబడి, ఎండి కొని ఇచ్చింది నీ సేతికి. మంచిగా సెయ్యి బావు, నా గుంట మెడకి అన్నాది. నేను పక్కనే ఉన్నాను. నువ్వు అలాగేనన్నావు. సచ్చిపోయింది కాబట్టి సరిపోయింది ఆ యమ్మ. ఉంటే ఇప్పుడు నీకేసి సూసేది."

సన్యాసాచారి నేల చూపులు చూస్తున్నాడు.

యర్రమ్మ వెనక్కి తిరిగి తన భాషలో ఏదో అంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. ఒకామె మెడ చాచి అరుగు మీదికి వంగింది. ఆ కంటెలకు కొక్కెం ఉండదు. మెడకు వేసి, సుత్తితో కొట్టి, మూసేస్తారు. తియ్యాలంటే మళ్ళీ కంసాలే కావాలి.

"ఏసినోడివి నువ్వే," అంది యర్రమ్మ. "ఇప్పు బావు. ఇవీ నిప్పులో సూత్తాది నీ గుంట."

సన్యాసాచారి లేచాడు. వంగిన ఆ మెడల్ని అన్నిటినీ ఒకసారి చూశాడు. ఇంట్లోకి వెళ్ళాడు.

పనిముట్లకోసం వెళ్ళాడనుకున్నారు. అచ్చియమ్మ కూడా అలాగే అనుకుంది. అనుకున్న ఆ ఒక్క క్షణం నాన్న మీద ఆమెకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

"ఒరే సన్నాసీ!" అంది మామ్మ. "నేను బయటే ఉన్నానురా!"

లోపలినుంచి గొంతు వినిపించింది. తలుపుకు దగ్గరగా నిలబడే మాట్లాడుతున్నాడు. "అచ్చీ. పొరపాటు పడ్డానని చెప్పు వాళ్ళకి. వచ్చే సంతకి మళ్ళీ చూస్తానని చెప్పు. నువ్వేం అబద్ధమాడక్కర్లేదు. మళ్ళీ చూస్తానను, చాలు. గడియ తీస్తాను."

త్రాసు లోపల ఉంది. సీసం లోపల ఉంది. కొలిమిలో బొగ్గులింకా ఆరి ఉండవు. చిన్నాన్న కూడా లోపలే ఉన్నాడు. ఇందాకే అన్నాడు ఈ మాట. సరిగ్గా ఇదే మాట. ఇద్దరూ కలిసి అనుకోలేదు. అన్నదమ్ములు కాబట్టి ఒకటే తట్టింది.

అచ్చియమ్మ తలుపుకు ఎదురుగా నిలబడింది.

"పదహారింట పది నాన్నా," అంది, వీధంతా వినేలాగ. "రెండు గిన్నెల్లోనూ."

లోపల చిన్నాన్న దగ్గాడు. తరవాత అదీ వినిపించలేదు. గడియ కదల్లేదు.

ఆడవాళ్ళు మెడలు ఎత్తి, ఒకరినొకరు చూసుకుంటున్నారు. యర్రమ్మ అరుగు ఎక్కి ఆమె పక్కకు వచ్చింది. ఇంతవరకూ కొండ మనుషులెవరూ ఆ అరుగు ఎక్కలేదు. మామ్మ చూసింది గాని ఏమీ అనలేదు.

"తలుపేసీసినాడు కదా తల్లీ," అంది యర్రమ్మ. "మరి ఇప్పుడేటి సేత్తావు?"

అచ్చియమ్మ రెండు బొట్లనూ కొంగుకు ముడి వేసుకుంది. అరుగు దిగి, వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడింది.

"అప్పా," అంది. "మీ ఊళ్ళో కొలిమి కట్టడానికి పుట్టమన్ను దొరుకుతుందా?"